మా అత్తగారి పైకప్పు, సెక్రటరీ గారి స్నానం

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలుసుకోవడానికి దాని వంతెనలూ విశ్వవిద్యాలయాలూ చూడనక్కర్లేదు. అక్కడ ఒక ఇంటి పైకప్పు మీద తడి మరక కనిపించినప్పుడు, దాన్ని బాగుచేయకుండా ఉండడానికి ఎంతమంది పెద్దమనుషులు ఒకచోట కూర్చోగలరో చూస్తే చాలు. ఈ కొలత ప్రకారం మా అపార్ట్‌మెంటు నాగరికతకే శిఖరం. (ఆ శిఖరం మీద ట్యాంకు కూడా కారుతోంది. దానికి వేరే ఉపసంఘం ఉంది.)

మరకను మొదట చూసింది మా అత్తగారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే ఉంటున్నారు కాబట్టి, మా ఇంట్లో పైకప్పును గమనించే పూర్తికాలం ఉద్యోగం ఆవిడదే. మొదట్లో అది అరచేయంత ఉండేది. లేత గోధుమరంగు, అంచు కాస్త ముదురు.

"అమ్మాయ్, పైన ఎవరో టీ ఒలకబోసినట్టున్నారే" అన్నారు.

చూస్తుండగానే అది పళ్లెమంత అయింది. మధ్యలో ఉబ్బింది. ఆ ఉబ్బు సరిగ్గా ఆవిడ తలగడకు ఎదురుగా ఉంది.

మంచం వేరే గదిలోకి మార్చొచ్చు కదా అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు, అడగడానికి ఖర్చేముంది. గోడకు పట్టుకునే కడ్డీలు బిగించిన బాత్రూం ఆ గదికి మాత్రమే ఉంది. వాకర్ పట్టుకుని నడవగలిగినంత దూరంలోనే బాత్రూం ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని మంచాన్ని ఆ గదిలోనే అటూ ఇటూ జరిపాం. కిటికీ పక్కకి జరిపితే మరక కిటికీ వైపు పాకింది. తలుపు పక్కకి తెస్తే అదీ తలుపు దారి పట్టింది.

"నన్నే వెతుక్కుంటూ వస్తోంది, ఎప్పటి చుట్టమో" అని అత్తగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కిందటేడు పక్క బిల్డింగులో ఇలాగే పెచ్చు ఊడి పడితే చెక్క బల్ల రెండు ముక్కలైంది. మా అత్తగారు బల్లకన్నా గట్టివారేమీ కాదు.

అసోసియేషన్ ప్లంబరును పిలిచాం. అతను కుర్చీ ఎక్కి, మరకను వేలితో నొక్కి, వేలు వాసన చూసి, "ఇది పైనుంచి వస్తోందండీ" అన్నాడు. నీళ్లు కింది నుంచి పైకి ఎక్కవన్న సంగతి ఆ విధంగా అధికారికంగా తేలింది.

"అయితే పైన చూడు మరి" అన్నాను.

అతను నీళ్లు నమిలాడు. "పైన సెక్రటరీ గారుంటారండీ. నేను పైకెళ్లాలంటే సెక్రటరీ గారు చెప్పాలి."

సెక్రటరీ గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలి. నాలుగో అంతస్తులో మా నెత్తి మీద ఒక్కరే ఉంటారు. మెట్ల మీద ఎదురైతే ముందు ఆయనే నమస్కారం పెడతారు. ఈ మధ్యే తన బాత్రూంను విశాలం చేయించుకున్నారు. పాతది బుద్ధిగా మా బాత్రూం మీదే ఉండేది. కొత్తది గోడ దాటి పక్క గదిలోకి, అంటే మా అత్తగారి మంచం మీదికి వచ్చింది. అందులో విదేశీ టైల్స్ వేయించి, చూడ్డానికి అసోసియేషన్ సభ్యులందర్నీ పిలిచారు. మేమూ వెళ్లి మెచ్చుకుని వచ్చాం. ఆ టైల్స్‌లో ఒక్కటి కూడా పగలగొట్టడం ఆయనకు ఇష్టం లేదని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఆ మాట ఆయన ఎన్నడూ నోటితో అనలేదు.

ఫిర్యాదు యాప్‌లో పెట్టమన్నారు. మా యాప్‌లో తడి మూడు రకాలు. 'మరక' అంటే రంగుకు సంబంధించిన విషయం, కాబట్టి చూసేవాళ్లదే బాధ్యత. 'చెమ్మ' అంటే వాతావరణానికి సంబంధించినది, వాతావరణం అసోసియేషన్ పరిధిలోకి రాదు. 'కారుడు' ఒక్కదాన్నే అసోసియేషన్ పట్టించుకుంటుంది. అయితే చుక్క రాలుతుండగా సెక్రటరీ స్వయంగా కళ్లారా చూసి ధ్రువీకరించాలి. (ఫోన్లో తీసిన వీడియోలు చెల్లవు. వీడియోలో కారే నీళ్లు వీడియోవే అని ఉపసంఘం అభిప్రాయం.)

నేను 'కారుడు' అని నొక్కాను. తడి వ్యవహారాల ఉపసంఘం తనిఖీకి వచ్చింది. ఉపసంఘం అంటే సెక్రటరీ గారు, ఐదో అంతస్తు మేష్టారు. రిటైరైనప్పటి నుంచి ఎవరేం చెప్పినా అందులో ఒక మాట మార్చమంటారు కాబట్టి ఈయన్ని అందరూ సవరణల మేష్టారు అంటారు. ఇద్దరూ మా అత్తగారి గదిలో కుర్చీలు వేసుకుని, తలలు పైకెత్తి, చుక్క కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

చుక్క పడలేదు.

అప్పుడు మా అత్తగారు మంచం మీంచే అన్నారు. "బాబూ, మీరు పొద్దున్నే స్నానం చేస్తూ పాడతారు కదా. పాట ఆగుతుంది. కాసేపటికి ఇక్కడ చుక్క పడుతుంది. మీరు ఊరెళ్లినప్పుడు పాటా లేదు, చుక్కా లేదు. ఆ మరక ఆరింది కూడా."

సెక్రటరీ గారి మొహం వెలిగింది. "నా పాట మీకు ఇక్కడికి వినిపిస్తుందా అమ్మా?"

"వినిపించకేం. శ్రుతి కాస్త పక్కకి పోతుంది గానీ గొంతు గట్టిదే."

"రాసుకుంటున్నాను" అన్నారు మేష్టారు. "ఫిర్యాదుదారు తరఫు పెద్దావిడ సంగీతం గురించి ప్రస్తావించారు. కాదు, ప్రస్తావించారు అనొద్దు. ముచ్చటించారు అందాం."

నాకు ఒళ్లు మండింది. అయినా నెమ్మదిగానే అన్నాను. "సార్, మీరు పైకెళ్లి ఓసారి షవర్ తిప్పండి. మేమంతా ఇక్కడే ఉంటాం, తెలిసిపోతుంది."

"నేను పైన ఉంటే ఇక్కడ చుక్క ఎవరు చూస్తారమ్మా? రూలు ప్రకారం చూడాల్సింది నేనే కదా."

"అయితే మీరు ఇక్కడే ఉండండి, మావారు వెళ్లి తిప్పి వస్తారు."

"నేను లేని ఇంట్లోకి ఇంకొకర్ని ఎలా పంపిస్తానమ్మా? అది పద్ధతి కాదు."

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన పైన స్నానం చేస్తేనే కింద చుక్క పడుతుంది, ఆయన కింద కూర్చుని చూస్తేనే అది చుక్క అవుతుంది. దేవుడు ఆయన్ని ఇద్దరిగా పుట్టించి ఉంటే మా ఫిర్యాదు ఆ రోజే తేలిపోయేది. ఒక్కరిగా పుట్టడం వల్ల ఆయనా మేష్టారూ మా కాఫీ తాగి, 'తనిఖీ జరిగినంతసేపూ పైకప్పు సహకరించలేదు' అని నివేదిక ఇచ్చి వెళ్లారు.

మర్నాటి నుంచి సెక్రటరీ గారు ఒక దిద్దుబాటు చర్య తీసుకున్నారు. పాడటం మానేశారు.

చుక్క మానలేదు. పైగా అత్తగారికి ఉన్న ఒక్క సౌకర్యమూ పోయింది. "పాటుంటే, అది ఆగగానే తల పక్కకి తిప్పుకునేదాన్ని" అన్నారు ఆవిడ, కంట్లో పడ్డ నీళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు చెప్పాపెట్టకుండా పడుతోంది."

ఆ మాటకి మావారికి కోపం వచ్చింది. మావారికి కోపం రావడం మా ఇంట్లో అరుదైన ఘటన. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వెళ్లారు. నేను తలుపు దగ్గరే నిలబడి, పైనుంచి పెద్ద పెద్ద మాటలు వినిపిస్తాయని ఆశపడ్డాను. ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి ఆయన దిగి వచ్చారు. చేతిలో ఒక ఫైలు ఉంది.

"నన్ను ఉపసంఘంలో వేసుకున్నారు" అన్నారు. "బాధితుల తరఫు ప్రతినిధిగా."

"మరి నీళ్ల సంగతి?"

"అది ఇప్పుడు మన పరిశీలనలో ఉంది."

'మన' అన్న మాట దగ్గరే నాకు సంగతి అర్థమైంది. నేను పెళ్లి చేసుకున్న మనిషి మెట్లెక్కి వెళ్లాడు, కమిటీ మెంబరు దిగి వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన మాటలే మారిపోయాయి. కూరలో ఉప్పు ఎక్కువైందంటే సరిపోయే చోట, ఉప్పు విషయంలో రెండు వైపులా ఆలోచించాలి అనేవారు. అత్తగారు "ఒరే, పైన ఉబ్బు పెద్దదైందిరా" అంటే, తలెత్తి చూడకుండానే "గమనంలోకి తీసుకున్నానమ్మా" అనేవారు. ఆవిడ నా వైపు చూసి, "వీణ్ని కూడా ఓసారి డాక్టరుకి చూపించవే" అన్నారు.

మావారు తెచ్చిన మొదటి విజయం రంగుల పరీక్ష. పైవాళ్ల బాత్రూంలో రంగునీళ్లు పోస్తారు. కింద ఆ రంగు కారితే నీళ్లు అక్కడివేనని తేలుతుంది. పరీక్ష మంచిదే. ఎవరైనా ఒక బకెట్టూ, కాస్త రంగూ తీసుకుని నాలుగో అంతస్తుకి వెళితే కాఫీ చల్లారేలోపు ముగిసేది. కానీ ఒక్క సెక్రటరీ గారి ఇంట్లోనే రంగు పోయడమంటే ఆయన్ని అనుమానించినట్టవుతుందని మేష్టారు సవరణ ప్రతిపాదించారు. మనుషుల్ని అవమానించకూడదు. అందుకని బిల్డింగులో ఉన్న ప్రతి ఫ్లాటూ తలో రంగూ పోయాలని తీర్మానించారు. మా కింద ఉన్న రెండు అంతస్తులు కూడా పోయాలి. ("వాళ్ల నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయి?" అని అడిగాను. "ఎక్కవని ముందే నిర్ణయించేస్తే ఇక పరీక్ష ఎందుకండీ?" అన్నారు మేష్టారు. నేను సిగ్గుపడ్డాను.)

రంగుల పంపకానికి ఒక సమావేశం జరిగింది. ఎరుపు కావాలని ఇద్దరు పట్టుబట్టారు. మొదటి అంతస్తు ఆవిడ ఊదారంగు తన ఒంటికి పడదన్నారు, ఒంటికి కాదు బాత్రూంకని నచ్చజెప్పాల్సి వచ్చింది. మేష్టారు పచ్చ తీసుకుని, దాన్ని చిలకపచ్చగా సవరించుకున్నారు. మాకు నారింజ వచ్చింది. సెక్రటరీ గారు మాత్రం చివరిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అందరూ తీసుకోండి. నేను సెక్రటరీని, మిగిలింది తీసుకుంటాను" అన్నారు. ఆయన త్యాగానికి చప్పట్లు కొట్టారు. మావారు కూడా కొట్టారు, నేను చూశాను.

రంగులు అయిపోయాయి. మిగిలింది మామూలు నీళ్లు. ఆయన వాటినే తీసుకున్నారు.

అనుకున్న రోజున బిల్డింగంతా తమ తమ రంగులు పోసుకుంది. అత్తగారి పైకప్పు నుంచి చుక్క తర్వాత చుక్క పడింది. మేష్టారు తెల్లని పళ్లెంలో పట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకెత్తి చూశారు. ఎరుపు కాదు, ఊదా కాదు, చిలకపచ్చ అసలే కాదు.

"ఏ రంగూ లేదు" అన్నారు. "అంటే ఏ ఫ్లాటూ కాదు."

"రంగు లేనివి సెక్రటరీ గారివే కదండీ" అన్నాను.

"రంగు లేని నీళ్లు అందరి ఇళ్లలోనూ ఉన్నాయమ్మా" అన్నారు మేష్టారు ఓపిగ్గా. "మీ కుండలో కూడా ఉన్నాయి. అంతమాత్రాన మిమ్మల్ని అనుమానిస్తున్నామా?"

నేను మావారి వైపు చూశాను. ఆయన ఫైలు వైపు చూసుకున్నారు.

మా ఆశ ఇక మేస్త్రి మీదే. మేమే ఒక మేస్త్రిని పిలిపించుకున్నాం. అతను కర్ర తీసుకుని ఉబ్బు మీద టకటక కొట్టాడు. గుల్లగా మోగింది. "పెద్దావిడని కాసేపు కుర్చీలో బయట కూర్చోబెట్టండి. ఈ ఊడిపోయేదంతా నేనే కొట్టి దించేస్తాను. దానంతటది పడితే బాగుండదు" అన్నాడు. నిచ్చెన వేశాడు కూడా.

ఈలోగా మావారి ఫోను మోగింది. ఆయన విని, "అవునవును, అర్థమైంది" అని నిచ్చెన దగ్గరికి వచ్చి, "ఇప్పుడొద్దు" అన్నారు.

"ఏమండీ, ఆ ఉబ్బు చూశారా?" అన్నాను.

"మరక మీద విచారణ నడుస్తోంది. విచారణ ముగిసేదాకా దాన్ని ముట్టుకోకూడదట. సాక్ష్యం కదా."

"కింద పడుకున్నది మీ అమ్మండీ."

"వచ్చే సమావేశంలో ఈ విషయమే మొదట పెట్టిస్తాను. నేనున్నానుగా అందులో" అన్నారు. ఆ మాట ఆయన నమ్మే అన్నారు, నా బాధ అదే. మేస్త్రి నిచ్చెన ముడుచుకుని వెళ్లిపోయాడు. అత్తగారిని మళ్లీ తీసుకొచ్చి ఆ సాక్ష్యం కిందే పడుకోబెట్టాం. ఆ రోజు మావారి ఎదురుగా నిలబడి ఆ నిచ్చెన నేనే ఎందుకు ఎక్కలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

వచ్చే సమావేశం వచ్చేలోపే అది పడింది. మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. గోడ కూలినంత చప్పుడైంది. పరుగెత్తుకెళ్లేసరికి గదంతా తెల్లటి దుమ్ము, మంచం మీద పలకల్లా పెచ్చులు. మంచినీళ్ల గ్లాసు కోసం అత్తగారు పక్కకి వాలి చేయి చాచినందువల్ల తల తప్పించుకుంది. చేయి తప్పించుకోలేదు. దుమ్ములోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, అక్కడే ఆగు. గ్లాసు పగిలింది, కాళ్లకి చెప్పులు వేసుకుని రా."

చెప్పులు వేసుకోలేదు. ఆవిడ జుట్టులోంచి సున్నం దులుపుతూ ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. అన్ని సమావేశాల్లో, అన్ని నివేదికల్లో కలిపి ఆవిడ గురించి రాసింది సంగీతం ముచ్చటించారన్న ఒక్క మాటే.

ఆసుపత్రిలో ఎముక విరిగిందని చెప్పి, మోచేతి దాకా కట్టు కట్టారు. మావారు బెంచీ మీద కూర్చుని తన చేతులు చూసుకుంటూ, "నేనే వద్దన్నాను" అన్నారు. ఆ సాయంత్రమే ఉపసంఘానికి రాజీనామా పంపారు. అది పరిశీలనలో ఉంది.

అత్తగారిని ఇంటికి తెచ్చాక సెక్రటరీ గారు పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చారు. మా అత్తగారి చేయి చూసి చాలా బాధపడ్డారు, అది నిజమైన బాధే. తర్వాత తలెత్తి పైకప్పు చూశారు. పెచ్చులు ఊడిన చోట తుప్పుపట్టిన చువ్వలు, వాటి పక్కనే శ్లాబు చెక్కి వేసిన తెల్లటి గొట్టం, గొట్టం అతుకు దగ్గర చుట్టిన గోనెగుడ్డ ముక్క, ఆ గుడ్డ కొసన వేలాడుతున్న చుక్క. పిల్లవాడైనా వేలు పెట్టి చూపించగలిగినంత స్పష్టంగా ఉంది.

చుక్క ఆయన కళ్లెదుటే రాలింది.

"చూశారుగా" అన్నాను. "ఇప్పుడు మీరే సాక్షి."

"చూశానమ్మా" అన్నారు సెక్రటరీ గారు గంభీరంగా. ఫోను తీసి ఏదో నొక్కారు. "అయితే మీ ఫిర్యాదు పైకప్పు మీద కదా. మరక ఉన్న భాగం ఇప్పుడు పైకప్పులో లేదు. అందుకని ఆ ఫిర్యాదు పరిష్కారమైనట్టే. మూసేశాను."

"మరి ఆ గొట్టం?"

ఆయన మరోసారి తేరిపార చూశారు. ఈసారి అబద్ధం ఆడతారనుకున్నాను. ఆడలేదు. "అది మాదే" అన్నారు.

"అయితే బాగుచేయించండి."

"తప్పకుండా. ఫిర్యాదు రానివ్వండి, వెంటనే చేయిస్తాను. గొట్టం మీద ఫిర్యాదు మాత్రం గొట్టం ఎవరిదైతే వాళ్లే ఇవ్వాలి, అది రూలు." కాసేపు నిజాయితీగా ఆలోచించారు. "నా గొట్టంతో నాకైతే ఏ ఇబ్బందీ లేదమ్మా. నీళ్లు చక్కగా పోతున్నాయి."

లేస్తూ లేస్తూ అత్తగారికి నమస్కారం పెట్టి, ఏ అవసరమొచ్చినా మొహమాటపడొద్దని చెప్పి వెళ్లారు. ఆ రాత్రే యాప్ నన్ను అడిగింది, మీ సమస్య పరిష్కారమైన తీరు మీకు నచ్చిందా అని. కింద రెండు గడులున్నాయి. ఒకటి 'నచ్చింది', రెండోది 'చాలా నచ్చింది'.

ఫిర్యాదు మూతపడింది కాబట్టి ఇక జాగ్రత్తపడాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. మర్నాడు పొద్దున పైన షవర్ చప్పుడుతో పాటు పాట మళ్లీ మొదలైంది. అత్తగారు కట్టు కట్టిన చేయి గుండెల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు విన్నారు.

"పోన్లే అమ్మాయ్" అన్నారు. "ఇక ముందుగా తెలుస్తుంది."